మొదటి లాంగ్ డిస్టెన్స్ ట్రయాథ్లాన్: ఎక్కడ ఇబ్బంది పడతాం, ఎందుకు పడతాం, అప్పుడేం చేయాలి

3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు. చాలా పోటీల్లో అన్నీ కలిపి 17 గంటల్లోపు పూర్తి చేయాలి. ఇందులో సగం దూరాల పోటీ కూడా ఉంది. అక్కడా ఇవే ఇబ్బందులు, కాకపోతే కాస్త తక్కువ మోతాదులో.

మొదటిసారి దిగేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇబ్బంది బయటపడేది ఒకచోట, దానికి బీజం పడేది ఇంకోచోట. పరుగులో కడుపు తిప్పుతోందంటే చాలాసార్లు సైకిల్ మీద ఏదో తేడా చేసి ఉంటాం. ఈతలో ఊపిరాడలేదంటే ఒడ్డున ఉన్నప్పుడే తొందరపడి ఉంటాం. అందుకే కింద రాసిన ప్రతి ఇబ్బందికీ కాస్త వెనక్కి వెళ్లి కారణం వెతికాను.

నీళ్లలో దిగిన రెండు మూడు నిమిషాలకే ఊపిరి అందడం లేదు

స్విమ్మింగ్ పూల్‌లో నాలుగు కిలోమీటర్లు ఆగకుండా ఈదేవాళ్లకి కూడా ఇది వస్తుంది. ఛాతీ బిగుసుకుపోతుంది, వెట్‌సూట్ (ఈతకి వేసుకునే, ఒంటికి అతుక్కునే రబ్బరు సూటు) మెడ దగ్గర నొక్కేస్తున్నట్టు ఉంటుంది, తల నీళ్లలో పెట్టబుద్ధి కాదు. మీ ప్రాక్టీసులో లోపం ఉందని బెంగపడకండి. చల్లటి నీళ్లు ఒక్కసారిగా ముఖానికీ ఛాతీకీ తగిలితే ఎవరికైనా ఊపిరి దానంతటదే వేగం అందుకుంటుంది. దానికి టెన్షన్ తోడవుతుంది, చుట్టూ ఉన్నవాళ్ల కాళ్లూ చేతులూ తగులుతుంటాయి, ఆ కంగారులో మొదటి 200 మీటర్లు జోరుగా ఈదేస్తాం. ఇంకొకటి, గాలి పీల్చుకోవాలన్న ఆత్రంలో వదలడం మర్చిపోతాం. లోపలి గాలి పూర్తిగా బయటికి పోకపోతే కొత్త గాలికి చోటెక్కడిది?

వెంటనే వెల్లకిలా తిరగండి. వెట్‌సూట్ మిమ్మల్ని తేలుస్తుంది. నోటితో నెమ్మదిగా, పొడుగ్గా గాలి వదలండి. ఓ పదిసార్లు చేశాక బోర్లా తిరిగి, బుడగల చప్పుడు మీకే వినిపించేలా నీళ్లలో గాలి వదులుతూ మెల్లగా కదలండి. అప్పటికీ కుదుటపడకపోతే చెయ్యెత్తి ఊపండి, సాయానికి తిరిగే కయాక్ (చిన్న పడవ) దగ్గరికి వస్తుంది. దాన్ని పట్టుకుని ముందుకు సాగనంతవరకు మామూలుగా అనర్హత వేటు పడదు.

నా మొదటి పోటీలో మొదటి బోయ (ఈత దారి చూపడానికి నీళ్లలో తేలే గుర్తు) చేరకముందే కయాక్‌కి కట్టిన నీలం నైలాన్ తాడు పట్టుకున్నాను. తడిసి జారిపోతుంటే వేళ్లకి చుట్టుకుని, కళ్లు మూసుకుని నలభై దాకా లెక్కపెట్టాను. కయాక్‌లో ఉన్నావిడ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, మౌనంగా అక్కడే ఉంది. నలభై అయ్యేసరికి చేతుల వణుకు తగ్గింది. మిగతా ఈత హాయిగా సాగింది.

ఇది రాకుండా ఉండాలంటే మొదలయ్యే ముందే నీళ్లలో దిగి అయిదు పది నిమిషాలు మెల్లగా ఈదండి. దిగనివ్వకపోతే ముఖం, మెడ తడుపుకుని, వెట్‌సూట్ మెడలోంచి కాసిని నీళ్లు లోపలికి పోసుకోండి. గుంపు మధ్యలో కాకుండా వెనకవైపో పక్కనో నిలబడండి. నీళ్లు 24.5 డిగ్రీలు దాటితే చాలా పోటీల్లో వెట్‌సూట్ మీద ఆంక్షలుంటాయి, కాబట్టి అది లేకుండా కూడా ఈది చూసుకోవాలి.

ఒక్క హెచ్చరిక. ఈదుతుంటే దగ్గు ఆగకపోయినా, నురగలాంటి లేదా ఎర్రటి చారలున్న కఫం పడినా, ఛాతీలో నొప్పి వచ్చినా అది కంగారు వల్ల వచ్చింది కాదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుండవచ్చు, గుండెకి సంబంధించింది కావచ్చు. అక్కడితో పోటీ ఆపేసి సాయం పిలవండి.

ఎంత ఈదినా బోయ దగ్గరపడటం లేదు

పక్కకి కొట్టుకుపోతున్నారు. ఎనిమిది పది బారలకోసారి కళ్లు నీటిమట్టానికి పైకి వచ్చేంత మాత్రమే తల ఎత్తి చూడండి. అంతకన్నా ఎత్తితే నడుము మునుగుతుంది. బోయ కనిపించకపోతే దాని వెనక గట్టు మీదున్న పెద్ద చెట్టునో భవనాన్నో గురిపెట్టుకోండి. గాగుల్స్ మసకబారుతుంటే లోపలివైపు వేలితో రుద్దకండి, మసక పట్టకుండా ఆపే పూత పోతే ఇక ప్రతిసారీ మసకే.

సైకిల్ మీద సగం దూరంలో కడుపు ఉబ్బరం, జెల్ (శక్తికోసం తీసుకునే చిక్కటి తియ్యటి పేస్టు) చూస్తేనే వికారం

మొదటిసారి వచ్చినవాళ్ల పోటీని ఎక్కువగా పాడుచేసేది ఇదే, నా అనుభవంలో.

తిన్నది పడలేదని అనుకుంటాం. అసలు కారణం చాలావరకు వేగం. గట్టిగా తొక్కుతున్నప్పుడు రక్తం కాళ్ల కండరాలకి మళ్లుతుంది, కడుపుకీ పేగులకీ తగ్గిపోతుంది. అప్పుడు తిన్నది తిన్నట్టే ఉండిపోతుంది. దానిమీద ఇంకో జెల్, ఆ జెల్ మీద మంచినీళ్లకి బదులు తియ్యటి స్పోర్ట్స్ డ్రింక్ పడితే కడుపులో చక్కెర మరీ చిక్కబడుతుంది. దాన్ని పలచన చేయడానికి ఒళ్లే పేగుల్లోకి నీళ్లు వదులుతుంది. ఉబ్బరం, విరేచనాలు అక్కడినుంచే. సముద్రంలో ఈదినవాళ్లు మింగిన ఉప్పునీళ్లు కూడా ఇందులో ఓ చెయ్యి వేస్తాయి.

ముందు వేగం తగ్గించండి. పావుగంట, ఇరవై నిమిషాలు తేలిక గేర్‌లో తొక్కుతూ మంచినీళ్లు మాత్రం గుక్కెడు గుక్కెడు తాగండి. కడుపు కాస్త తేలికపడ్డాక సగం జెల్‌తో మళ్లీ మొదలుపెట్టండి. భయపడి తిండి పూర్తిగా మానేస్తే మాత్రం పరుగులో చాలా ఇబ్బంది పడతారు.

సైకిల్ మీద పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగం దాటొద్దు. ఎత్తు ఎక్కేటప్పుడు ఎవరో దాటిపోతారు, కాళ్లు లాగుతాయి. వెళ్లనివ్వండి. ఈత అయ్యాక మొదటి పావుగంట నీళ్లతో సరిపెట్టుకుని, తర్వాత ఇరవై నిమిషాలకోసారి వాచీలో అలారం పెట్టుకుని కొంచెం కొంచెం తినండి. గంటకి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ మొదటి పోటీకి మంచి లెక్క. ఒక జెల్‌లో సాధారణంగా 20 నుంచి 30 గ్రాములుంటాయి, డ్రింక్‌లో ఉన్నదీ కలిపి లెక్కేసుకోవాలి. గంటకి 60 దాటాలంటే గ్లూకోజ్‌తో పాటు ఫ్రక్టోజ్ కూడా ఉన్నవి తీసుకోవాలి, ఎందుకంటే పేగులు ఆ రెంటినీ వేర్వేరు దారుల్లో పీల్చుకుంటాయి. కడుపుకి కూడా ప్రాక్టీసు కావాలి. పోటీ రోజు తినబోయేది ముందు నెలల్లో దూరం తొక్కిన ప్రతిసారీ తిని చూడండి.

పంక్చర్ అయిన ట్యూబ్ మార్చిన అయిదు నిమిషాలకే మళ్లీ గాలి పోయింది

మొదటి ట్యూబ్‌ని పొడిచింది టైర్‌లోనే ఉండిపోయింది. పాత ట్యూబ్‌లో కొంచెం గాలి నింపి చిల్లు వెతకండి, అది వాల్వ్ నుంచి ఎంత దూరంలో ఉందో టైర్ మీద అంతే దూరంలో చూడండి. ఒకసారి ప్రాక్టీసులో నాకు రెండు ట్యూబులు పోయాక దొరికింది బియ్యపుగింజలో సగం కూడా లేని ఇనుపతీగ ముక్క. బయటినుంచి ఏమీ కనిపించలేదు. లోపలివైపు గుడ్డతో తుడుస్తుంటే పోగు చిక్కుకుంది. వేలితో తడమకండి, కోసుకుంటుంది.

లోపల ఏమీ దొరక్కపోతే ట్యూబ్ టైర్‌కీ రిమ్‌కీ మధ్య నలిగి ఉంటుంది. గాలి నింపే ముందు టైర్ అంచుని రెండువైపులా చక్రం చుట్టూ వేళ్లతో నొక్కి చూడండి. రెండు ట్యూబులు వెంట ఉంచుకోండి.

పరుగు మొదట్లో కాళ్లు కర్రల్లా ఉన్నాయి

అందరికీ ఉంటాయి. చిన్న చిన్న అడుగులు వేస్తూ రెండు మూడు కిలోమీటర్లు ఓపిక పట్టండి. పిక్కలు, తొడలు పట్టేస్తే ఆగి, పట్టిన కండరాన్ని మెల్లగా సాగదీసి, కాస్త దూరం నడవండి. అలవాటైన దానికన్నా గట్టిగా తొక్కడమే దీనికి తరచూ కారణం, ఉప్పు బిళ్లలు ఒక్కటే దీన్ని ఆపలేవు.

30వ కిలోమీటరు దగ్గర తల పనిచేయడం లేదు

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. పైకి ఒకేలా కనిపించే మూడు ఇబ్బందులున్నాయి, మందు మాత్రం వేర్వేరు.

ఒకటి, చక్కెర అయిపోవడం. ఒళ్లు చల్లబడుతుంది, కాళ్లు తేలిపోతాయి, కారణం లేకుండా ఏడుపొస్తుంది, ఇక చాలు అనిపిస్తుంది. దారిలో తిండీ నీళ్లూ ఇచ్చే ఎయిడ్ స్టేషన్‌లో కోలాగానీ జెల్‌గానీ తీసుకుని పది పదిహేను నిమిషాలు నడిస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ పది నిమిషాల్లో పోటీ మానేయాలన్న నిర్ణయం తీసుకోకండి.

రెండు, నీళ్లు ఎక్కువైపోవడం. దాహం లేకపోయినా ప్రతి స్టేషన్‌లో గ్లాసులు గ్లాసులు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుంటుంది, వాచీ పట్టీ చర్మంలోకి దిగుతుంది, కడుపులో నీళ్లు కదిలే చప్పుడు, తలనొప్పి, వాంతులు. ఇక్కడ ఇంకా నీళ్లు తాగించడం ప్రమాదం. మెడికల్ టెంట్‌కి వెళ్లాలి. ఇది రాకుండా దాహాన్ని బట్టి తాగండి.

మూడు, వడదెబ్బ. ఒళ్లు కాలిపోతుంది, నడక తూలుతుంది, మాట పొంతన తప్పుతుంది. ఇలా ఉన్న మనిషి కనిపిస్తే మీ పోటీ ఆపి సాయం పిలవండి, నీడలోకి చేర్చి చల్లటి నీళ్లు పోయండి.

1982లో హవాయిలో జరిగిన ఇవే దూరాల ఐరన్‌మ్యాన్ పోటీలో జూలీ మాస్ అనే క్రీడాకారిణి మహిళల్లో ముందంజలో ఉండి, ముగింపు దగ్గర కూలిపోయి, పాక్కుంటూ వచ్చి రెండో స్థానంలో గీత దాటింది. ఆ దృశ్యం చూసి ఈ ఆటలోకి వచ్చినవాళ్లు ఎందరో. ఆమె పట్టుదలంటే నాకెంతో గౌరవం. కానీ మొదటి పోటీలో మీరు ఆ స్థితికి చేరాలని మాత్రం కోరుకోను.

గీత దాటి ఆగగానే కళ్లు తిరిగాయి

అంతసేపూ పిక్కల కండరాలు బిగుసుకుంటూ రక్తాన్ని పైకి తోస్తుంటాయి. టక్కున ఆగితే ఆ తోపు ఆగి రక్తం కాళ్లలో నిలుస్తుంది. మెడలో మెడల్ వేయించుకున్నాక ఫొటో కోసం నిలబడిపోకుండా నడుస్తూనే ఉండండి. కళ్లు తిరిగితే పడుకుని కాళ్లు ఎత్తులో పెట్టుకోండి, చాలామందికి కాసేపట్లో సర్దుకుంటుంది. కాళ్లెత్తి పడుకున్నా తేరుకోకపోతే పక్కనున్నవాళ్లు వెంటనే డాక్టర్‌ని పిలవాలి. మీ కోసం ఎదురుచూసే ఇంటివాళ్లకి ఈ ఒక్క మాట ముందురోజే చెప్పి ఉంచండి.