సంఘం పనులన్నీ లీడర్ నెత్తినే పడుతున్నాయా? సమస్య - పరిష్కారం

డ్వాక్రా సంఘంలో పది పన్నెండు మంది ఉన్నా బ్యాంకు పని, పుస్తకాలు, వసూళ్లు చాలాచోట్ల లీడర్ ఒక్కరే మోస్తుంటారు. ఆమెకు జ్వరమొస్తే ఆ నెల కిస్తీ ఆగిపోతుంది. పనులు పంచినా కుదరడం లేదంటే చాలాసార్లు తప్పు సభ్యులది కాదు, పంచిన తీరుది.

సమస్య: "ఎవరో ఒకరు వెళ్తారులే" అనుకుంటూ కిస్తీ తేదీ దాటిపోయింది.
కారణం: పని అందరికీ చెప్పారు, ఒకరికి అప్పగించలేదు.
పరిష్కారం: సమావేశం ముగిసేలోపే తీర్మానాల పుస్తకంలో పని, ఒక్కరి పేరు, తేదీ రాయించండి. గడువు 10 అయితే 8 అని రాయండి. బ్యాంకుకు సెలవొచ్చినా, సర్వర్ పనిచేయకపోయినా ఇంకా సమయం ఉంటుంది. వాయిదా తప్పితే వడ్డీ రాయితీకి ఎసరొచ్చేది సంఘం మొత్తానికి. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

సమస్య: బ్యాంకుకు వెళ్లినామె కౌంటర్ దగ్గర నిలబడి ఊరికూరికే ఫోన్ చేస్తోంది.
కారణం: పని ఇచ్చారు గానీ వివరాలు మీ దగ్గరే ఉండిపోయాయి.
పరిష్కారం: ఎంత కట్టాలి, పొదుపు ఖాతాలోనా అప్పు ఖాతాలోనా, ఆ ఖాతా నంబరు, తేవాల్సిన రసీదు చీటీ మీద రాసివ్వండి. ఎక్కువగా పొరపాటు జరిగేది ఈ రెండు ఖాతాల దగ్గరే. డబ్బు తక్కువ పడితే ఏం చేయాలో కూడా ముందే చెప్పండి.

సమస్య: కొత్తామెకు పుస్తకాలిస్తే లెక్క తేడా వచ్చింది. మళ్లీ మీరే రాస్తున్నారు.
కారణం: నేర్పకుండా ఇచ్చేశారు. లేదా వసూలు, రాత, జమ మూడూ ఒక్కరికే ఇచ్చారు.
పరిష్కారం: మొదటి సమావేశంలో మీరు రాస్తుంటే ఆమె చూడాలి. రెండోదానిలో ఆమె రాయాలి, మీరు పక్కన కూర్చోవాలి. మూడోదానిలో ఒంటరిగా రాయనిచ్చి చివర్లో సరిచూడండి. డబ్బు తీసుకునేవారు ఒకరు, రాసేవారు ఒకరు, బ్యాంకులో కట్టేవారు మరొకరు ఉండాలి.
తేడా ఎక్కడొస్తుందో చూడండి. పన్నెండు మందికి 200 చొప్పున 2,400 రావాలి, చేతిలో 2,200 ఉంది. ఒకామె రాకపోయినా అలవాటు కొద్దీ అన్ని పేర్ల ఎదురుగా ముందే 200 వేసేశారు. నోట్లు చేతికందాకే అంకె వేయాలి. అందరూ లేచేలోపే మొత్తం పైకి చదివి, నోట్లు లెక్కపెట్టాలి. తప్పు దొరికితే పుస్తకం లాక్కోకండి. ఆమె చేతే కొట్టివేయించి, పక్కన సరైన అంకె రాయించి సంతకం పెట్టించండి.

సమస్య: "నాకు చదువు రాదమ్మా" అని తప్పుకుంటున్నారు.
పరిష్కారం: నోట్లు లెక్కపెట్టడం, సమావేశానికి రానివారి ఇంటికెళ్లి కనుక్కోవడం, అప్పు దేనికి తీసుకున్నారో దానికే వాడారా అని చూసిరావడం ఇవ్వండి. వీటికి చదువు అక్కర్లేదు.

సమస్య: సంతకం కోసం పనులు ఆగుతున్నాయని లీడర్లు ఖాళీ విత్‌డ్రాయల్ ఫారాల మీద ముందే సంతకాలు పెట్టిస్తున్నారు.
ఇది పని అప్పగించడం కాదు, సంఘం డబ్బును గాలికొదిలేయడం. ఉన్న ఖాళీ ఫారాలు ఈ రోజే చించేయండి. తీర్మానంలో మొత్తం రాశాక, అదే అంకె ఫారంలో నింపాకే సంతకం చేయాలి.