స్టెరాయిడ్లు మొదలుపెట్టే ముందు నులిపురుగుల సంగతి తేల్చుకోండి

ఆయాసానికో, కీళ్లవాపుకో, అవయవ మార్పిడికో డాక్టర్ స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువ రోజులు వాడాలంటే, ముందు ఒక్క విషయం చెప్పండి: ఎప్పుడైనా తడి మట్టిలో చెప్పుల్లేకుండా తిరిగారా? ఏళ్ల కిందటి మాటైనా సరే.

ఎందుకంటే స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు చర్మం గుండా లోపలికి వెళ్లి, ఒంట్లోనే మళ్లీ మళ్లీ సంతతిని పెంచుకుంటుంది. దశాబ్దాలపాటు ఏ బాధా లేకుండా ఉండిపోగలదు. స్టెరాయిడ్లతో రోగనిరోధక శక్తి తగ్గగానే విపరీతంగా పెరిగి ఊపిరితిత్తుల నిండా పాకుతుంది. పేగుల్లోని బ్యాక్టీరియాను రక్తంలోకి మోసుకెళ్తుంది. అప్పుడు ప్రాణాలు దక్కడం కష్టం. పైగా మొదట్లో అది మామూలు ఆయాసంలాగే కనిపిస్తుంది కాబట్టి స్టెరాయిడ్ డోసు ఇంకా పెంచే ప్రమాదముంది. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే.

ఒక్కసారి మల పరీక్షలో ఏమీ లేదని వస్తే ధీమా పడొద్దు, పురుగు దొరక్కపోవచ్చు. యాంటీబాడీల రక్తపరీక్ష గురించి అడగండి. పురుగులున్నప్పుడు సాధారణంగా పెరిగే ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు మామూలుగా ఉన్నా ఇది లేదని అనుకోలేం. దీనికి ఐవర్‌మెక్టిన్ మేలైన మందు. నులిపురుగులకని వేసుకునే ఒక్క ఆల్బెండజోల్ మాత్రతో ఇది పోతుందనుకోవద్దు. అలాగని, ఇప్పటికే వాడుతున్న స్టెరాయిడ్లను మీ అంతట మీరు ఆపేయకండి, అదీ ప్రమాదమే.

స్టెరాయిడ్ల సంగతి పక్కనపెట్టినా, ఊపిరితిత్తులను ఇబ్బందిపెట్టే పురుగులు ఇంకా ఉన్నాయి. ఏలికపాముల పిల్లలు ఊపిరితిత్తుల మీదుగానే పేగులకు చేరతాయి. అప్పుడు వచ్చే పొడిదగ్గు, పిల్లికూతలు సాధారణంగా కొద్ది వారాల్లో తగ్గిపోతాయి. ఆ సమయంలో మలంలో గుడ్లు ఇంకా కనబడవు.

పచ్చి పీతలు, సరిగా ఉడకని పీతలు తిన్నవాళ్లకు దగ్గులో రక్తం పడితే క్షయ ఒక్కటే అనుకోకూడదు. ఊపిరితిత్తుల్లో చేరే పారగోనిమస్ పురుగు అచ్చం క్షయలాగే కనిపిస్తుంది. కళ్లె పరీక్షలో దాని గుడ్ల కోసం కూడా చూడమనండి.

స్కానింగ్‌లో ఊపిరితిత్తిలో నీటితిత్తి కనబడితే, సూది గుచ్చేముందు అది కుక్కల బద్దెపురుగు వల్ల వచ్చే హైడాటిడ్ తిత్తేమో తేల్చుకోవాలి. అది పగిలితే ఉప్పటి నీరు దగ్గులో వస్తుంది, తీవ్రమైన అలర్జీతో బీపీ పడిపోవచ్చు. అలా జరిగితే ఆగకుండా అత్యవసర వైద్యానికి వెళ్లండి.