పాత డబ్బాలో కొత్త గ్రాఫిక్స్ కార్డు: నా అనుభవం

మా తమ్ముడు బ్లెండర్ (కంప్యూటర్‌లో 3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటానంటే, ఇంట్లో ఉన్న పాత ఆఫీసు కంప్యూటర్‌కే ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. అందులో ఉన్నది నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, పవర్ సప్లై 290 వాట్లు. కార్డు ఒక్కటే 170 లాగుతుంది. పైగా దానికి 8 పిన్నుల వైరు కావాలి, మా సప్లైకి ఆ వైరే లేదు.

షాపతను సాటా (హార్డ్ డిస్కులకి కరెంటిచ్చే కనెక్టర్) నుంచి 8 పిన్నులకి మార్చే చిన్న వైరు చేతిలో పెట్టి, "ఏం కాదు సార్" అన్నాడు. విండోస్ బాగానే వచ్చింది. గేమ్ తెరిచిన రెండు నిమిషాలకి టప్‌మని ఆగిపోయింది. మూత తీస్తే కమురు వాసన. సాటా కనెక్టర్ ఒక మూల మెత్తబడి వంగింది. అప్పుడు కూర్చుని లెక్క చూశాను: 12 వోల్టుల మీద సాటా కనెక్టర్ మోసేది 54 వాట్లే, 8 పిన్నులది 150. బుద్ధి తక్కువ పని నాదే.

550 వాట్ల సప్లై తెచ్చాను. తీరా చూస్తే మదర్‌బోర్డుకి మామూలు 24 పిన్నుల సాకెట్ లేదు, కంపెనీవాళ్లు సొంతంగా పెట్టుకున్న 8 పిన్నులది ఉంది! వైర్లు కత్తిరించి అతికిద్దామా అనిపించింది కానీ ధైర్యం చాలలేదు. సరిగ్గా ఆ మోడల్‌కి సరిపోయే 24 నుంచి 8 పిన్నుల కన్వర్టర్ తెప్పించి, కార్డుకి సప్లై నుంచే నేరుగా వైరు ఇచ్చాను.

స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, స్క్రీన్ మాత్రం నలుపే. గంట టెన్షన్ పడ్డాక తమ్ముడు చూపించాడు, మానిటర్ కేబుల్ కొత్త కార్డుకి కాకుండా మదర్‌బోర్డు పోర్టుకి పెట్టేశానని.