ఊరి పేరు అందరికీ తెలుసు, మీ పేరు ఎందుకు గుర్తుండటం లేదు? చిన్న వ్యాపారులకు సమస్య - పరిష్కారం

రావులపాలెంలో లేబుళ్లు, ఫ్లెక్సీలు, విజిటింగ్ కార్డులు వేసే షాపు నాది. ఆత్రేయపురం నుంచి పూతరేకుల వాళ్లు, కడియపులంక నుంచి నర్సరీ వాళ్లు, అంబాజీపేట నుంచి కొబ్బరినూనె ఆడించి అమ్మేవాళ్లు, నరసాపురం వైపు నుంచి లేసు అల్లించే ఆడవాళ్లు వస్తుంటారు. వచ్చేది లేబుల్ కోసమే అయినా, కంప్యూటర్ పక్కన కుర్చీలో కూర్చున్నాక అసలు బాధ బయటికొస్తుంది. "డిజైన్ మారిస్తే అమ్మకం పెరుగుద్దంటారా?" అని అడుగుతారు. చాలాసార్లు లోపం డిజైన్‌లో ఉండదు. సరుకు వెనక ఉన్న మనిషి ఎవరో కొన్నవాళ్లకు తెలియదు, అదీ సంగతి. పర్సనల్ బ్రాండ్ అంటే నా దృష్టిలో, కొన్నవాళ్లు మిమ్మల్ని పేరుతో గుర్తుపెట్టుకుని, ఆ పేరుతోనే వెతుక్కుంటూ రావడం. అది ఎక్కడ తెగిపోతోందో, మళ్లీ ఎలా కలపాలో, నేను ఎక్కువగా విన్న ఫిర్యాదుల వరసలో రాస్తున్నాను.

"సరుకు బాగుందంటారు, రెండోసారి ఇంకెవరి దగ్గరో కొంటారు"

నేను ఎక్కువసార్లు విన్న బాధ ఇదే. ఒకసారి సంక్రాంతి ముందు పూతరేకులు చేసే ఒకావిడ వచ్చి డబ్బా నా టేబుల్ మీద పెట్టారు. "బాబూ, పోయినేడు నా దగ్గర కొన్న హైదరాబాద్ ఆయన ఫోన్ చేశాడు. ఈసారి మీ రేకులు బాలేవమ్మా, నెయ్యి తగ్గించేశారు అన్నాడు. నేనసలు ఈ ఏడు ఆయనకి పంపనే లేదు" అన్నారు. చెబుతుంటే ఆవిడ గొంతు వణికింది.

డబ్బా తిప్పి చూశాను. 'ఆత్రేయపురం పూతరేకులు' అని ఇంత పెద్ద అక్షరాలు. అట్ట అడుగున, మడత దగ్గర, చీమంత అక్షరాల్లో ఆవిడ పేరు. ఆ హైదరాబాద్ ఆయనకు గుర్తున్నది ఊరి పేరు. హైవే పక్కన అదే పేరున్న డబ్బా కనిపిస్తే కొన్నాడు. ఆయన తప్పేం లేదు.

కారణం: ఊరి పేరు ఒక్కరి సొంతం కాదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, వచ్చింది. నరసాపురం లేసుకు 2024లో వచ్చింది. అది ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో తయారుచేసే వాళ్లందరి ఉమ్మడి ఆస్తి. ట్రేడ్‌మార్క్ చట్టం కూడా, సరుకు ఏ ఊరిదో చెప్పే మాటను మామూలుగా ఒక్కరికే రాసివ్వదు. ఊరి పేరు మనకు గౌరవం తెస్తుంది, మొదటిసారి కస్టమర్‌ని కూడా తెస్తుంది. రెండోసారి తెచ్చేది మాత్రం మీ పేరే.

పరిష్కారం: ముందు పేరు ఒకటి చేసుకోండి. ఆ రోజు ఆవిడ బోర్డు ఫొటో, లేబుల్, ఇన్‌స్టాగ్రామ్ పేజీ, ఫోన్‌పే క్యూఆర్ నాలుగూ పక్కపక్కన పెట్టి చూశాను. బోర్డు మీద అమ్మవారి పేరు, లేబుల్ మీద ఇంటిపేరు, ఇన్‌స్టాలో కూతురు పెట్టిన స్టైల్ పేరు, క్యూఆర్‌లో భర్త పేరు. ఒకే మనిషి నలుగురిలా కనిపిస్తోంది. "అమ్మగారూ, ఊళ్లో మిమ్మల్ని ఏమని అంటారు?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "కాలవగట్టు అత్తయ్యగారు అంటారు బాబూ" అన్నారు. నిజానికి పేరు ఎప్పుడో పుట్టింది, డబ్బా మీదకే ఎక్కలేదు. దాన్నే పెద్దక్షరాల్లో వేసి, ఊరి పేరు దాని కింద రెండో వరసలో వేశాం.

మీరూ ముందు మీ కస్టమర్ల నోట్లో ఇప్పటికే ఏ పేరుందో వినండి. కొత్తది పెట్టాల్సి వస్తే ఒక పరీక్ష ఉంది. దూరంగా ఉన్న బంధువుకు ఫోన్ చేసి ఆ పేరు ఒక్కసారే చెప్పి, రాసి వాట్సాప్ చేయమనండి. తప్పు లేకుండా రాస్తే పేరు మంచిది. 'శ్రీ వెంకటేశ్వర', 'శ్రీ లక్ష్మి' లాంటి పేర్లు భక్తితో పెట్టుకోవచ్చు, కానీ ప్రతి వీధిలోనూ ఒకటి ఉంటుంది కాబట్టి వాటితో మిమ్మల్ని వెతికి పట్టుకోవడం కష్టం.

పేరు కుదిరాక ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో వెతికి చూడండి, వెతకడానికి డబ్బులేం కట్టక్కర్లేదు. అలాంటిది ఇంకెవరికీ లేకపోతే దరఖాస్తు పెట్టండి. సొంతంగా చేసుకునే వ్యక్తికి, చిన్న పరిశ్రమకు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి, అంటే ఒక్కో రకం సరుకుకు, ఫీజు 4,500 రూపాయలు. స్వీట్లు 30వ తరగతిలోకి, మొక్కలు 31లోకి వస్తాయి. రిజిస్టర్ అయితే 10 ఏళ్లు ఉంటుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. రిజిస్ట్రేషన్ రాకముందు పేరు పక్కన 'టీఎం' గుర్తు వేసుకోవచ్చు. సున్నాలో 'ఆర్' గుర్తు మాత్రం వచ్చేదాకా వేయకూడదు, అది నేరం. వేయమని అడిగినవాళ్లను నేను తిప్పి పంపేస్తాను. ఇక జీఐ ఉన్న సరుకు చేసేవాళ్లయితే, అధీకృత వినియోగదారుగా, అంటే ఆ జీఐ పేరు వాడుకునే హక్కున్నవాళ్లుగా, విడిగా నమోదు చేసుకోండి. అప్పుడు ఊరి గౌరవమూ, మీ పేరూ రెండూ హక్కుగా ఒకే డబ్బా మీద ఉంటాయి.

"రోజూ వాట్సాప్‌లో పెడుతున్నా, ఎవరూ చూడట్లేదు"

కారణం సాంకేతికం. మీ స్టేటస్ అవతలివాళ్లకు కనిపించాలంటే వాళ్ల నంబర్ మీ ఫోన్‌లో, మీ నంబర్ వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉండాలి. ఒకే మెసేజ్ చాలామందికి ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టుకూ అంతే, మీ నంబర్ సేవ్ చేసుకోనివాళ్లకు ఆ మెసేజ్ అసలు చేరదు. మీరు ఐదొందల మందికి పంపామనుకుంటారు, చేరింది వాళ్లలో కొందరికే.

ఆర్డర్ అందిందని కస్టమర్ చెప్పిన రోజే, ఆ సంతోషంలో ఉండగానే, మీ కాంటాక్ట్ కార్డు పంపి "అండీ, ఈ పేరుతో సేవ్ చేసుకోండి, కొత్త సరుకు వచ్చినప్పుడు చెప్తాను" అనండి. మూడు నెలల తర్వాత అడిగితే ఎవరూ చేయరు. అలాగే గుడ్‌మార్నింగ్ బొమ్మలు, పండగ గ్రీటింగులు వ్యాపారం నంబర్ నుంచి ఆపేయండి. వాటి వల్లే జనం మ్యూట్ చేస్తారు. వారానికి రెండు మెసేజ్‌లు చాలు, ప్రతిదాంట్లో చెప్పే విషయం ఉండాలి.

"కెమెరా ముందు నిలబడాలంటే టెన్షన్"

ఇది చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. కొందరికి సిగ్గు, కొందరికి ఇంట్లో ఒప్పుకోరు. ఇది తక్కువ చేసి మాట్లాడాల్సిన విషయం కాదు. "ధైర్యం చేయండి" అని సలహా ఇవ్వడం తేలిక, ఆ ఇంట్లో ఉండేది ఆవిడ.

కానీ మొహం చూపిస్తేనే నమ్మకం పుడుతుందని ఎవరన్నారు? చేతులు చూపించండి, గొంతు వినిపించండి. పూతరేకు తీసేటప్పుడు చూశారా? బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పక్కన పల్చటి బియ్యప్పిండి జావ. అందులో ముంచిన గుడ్డను రెండు చేతులతో పట్టుకుని వేడి కుండ మీద పరిచి ఇలా లాగితే, కళ్లు మూసి తెరిచేలోపు తెల్లటి రేకు పైకి లేస్తుంది. అంచు పట్టుకుని మెల్లగా ఊడదీస్తారు. ఆ చప్పుడు, ఆ పొగ, వేళ్ల మీద ఏళ్ల తరబడి కాసిన కాయలు ఫోన్‌లో దగ్గరగా తీయండి. తీస్తూ వెనక నుంచి మామూలుగా మాట్లాడండి. "ఇదిగోండి, ఇప్పుడు రేకు లేస్తుంది చూడండి." ఆ గొంతు రెండు మూడుసార్లు విన్నవాళ్లకు మీరు తెలిసినవాళ్లైపోతారు.

మాట్లాడేటప్పుడు టీవీ యాంకర్ భాష పెట్టుకోకండి. మన 'అండీ', మన 'ఆయ్' అలాగే ఉండనివ్వండి. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్న మనవాళ్లకు సగం ఆకలి ఆ మాట కోసమే.

"రీల్‌కి లక్ష వ్యూస్, ఆర్డర్ ఒక్కటి రాలేదు"

నర్సరీ వాళ్ల దగ్గర ఎక్కువ విన్నాను. వీడియోలో వరసగా పూలమొక్కలు, వెనక సినిమా పాట. చూడ్డానికి చాలా బాగుంటుంది. చూసినవాళ్లు లైక్ కొట్టి వెళ్లిపోతారు. ఎందుకంటే కొనేవాడి ప్రశ్నకు అందులో జవాబు లేదు: మొక్క ఎంత ఎత్తు, ఏ సైజు కవర్, పది మొక్కలు కావాలన్నా ఇస్తారా లేక లోడు కొనాల్సిందేనా, గుంటూరు పంపితే ఎండిపోకుండా చేరుతుందా?

ఫోన్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. వారం రోజులు ఫోన్‌లో కస్టమర్లు అడిగిన ప్రశ్నలన్నీ వాళ్ల మాటల్లోనే రాయండి. ఒక్కో ప్రశ్నకు ఒక్కో చిన్న వీడియో. మొక్క పక్కన నిలబడి, ఎత్తు చేత్తో చూపించి, ఎంత తక్కువ పంపగలరో, ఎలా ఆర్డర్ పెట్టాలో చివర్లో చెప్పండి. వ్యూస్ తగ్గుతాయి. ఫోన్ చేసేవాళ్లు మాత్రం కొనే ఉద్దేశంతో చేస్తారు. వ్యూస్ చూసి ఆనందపడటం కన్నా అది మేలని నా గట్టి నమ్మకం.

"డబ్బు కట్టే దగ్గర ఆగిపోతున్నారు"

ఇది చాలామందికి తట్టదు. కస్టమర్ క్యూఆర్ స్కాన్ చేయగానే షాపు పేరు బదులు ఎవరో మగాయన పేరు వస్తుంది. మోసాల వార్తలు రోజూ చదివేవాళ్లు అక్కడే వెనక్కి తగ్గుతారు. 2025 నుంచి యూపీఐ యాప్‌లు బ్యాంకులో ఉన్న అసలు పేరే చూపించాలన్న నిబంధన ఉంది కాబట్టి, ఫోన్‌లో మారుపేరు పెట్టుకున్నా లాభం లేదు.

సరైన మార్గం, వ్యాపారం పేరు మీద కరెంట్ అకౌంట్ తెరవడం. దానికి అడిగే పత్రాల్లో పనికొచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా నమోదు, ఉచితం, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే చేసుకోవచ్చు, ఎవరికీ డబ్బులివ్వకండి. అకౌంట్ వచ్చేలోపు క్యూఆర్ పక్కనే "స్కాన్ చేస్తే ఫలానా పేరు వస్తుంది, ఆయన మా యజమాని" అని ఒక లైను రాయండి. ఆ ఒక్క లైనుతోనే అనుమానం చాలావరకు పోతుంది.

"పక్కవాడు తక్కువకిస్తున్నాడు అంటున్నారు"

తేడా మీకు తెలుసు, వాళ్లకు తెలియదు. డబ్బాలో ఎన్ని రేకులు, ఎంత బరువు, నెయ్యా నూనా, బెల్లమా పంచదారా, ఏ రోజు చుట్టారు, ఎన్నాళ్లలో తినాలి, ఇవి ముందే చెప్పండి. నూనె అయితే ఎండు కొబ్బరి ఎక్కడిది, ఏ గానుగలో ఆడించారు. తిండి సరుకు మీద వేసే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్, అంటే ఆహార లైసెన్సు నంబర్, మీదే అయి ఉండాలి. బంధువుల నంబర్ అరువు తెచ్చి వేయమని అడుగుతుంటారు. అది చట్టానికీ తప్పే, మీ పేరుకూ దెబ్బే. ఇంత చెప్పాక కూడా ధరే చూసేవాళ్లను వదిలేయండి.

"ఒకాయన గూగుల్‌లో ఒక్క స్టార్ ఇచ్చాడు"

ముందు వాదించకండి. నాకు ఎదురైంది చెబుతాను. ఒక పచ్చళ్ల ఆయనకు మూడు వేల లేబుళ్లు వేసి ఇచ్చాను, ఫోన్ నంబర్‌లో ఒక అంకె తప్పు పడింది. ఆయన చూసుకోలేదు. రెండు రోజుల తర్వాత మిగిలిన నమూనా చూస్తుంటే నాకే కనిపించింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే నేనే ఫోన్ చేసి చెప్పి, నా ఖర్చుతో మళ్లీ వేసి, వాళ్లింటికి వెళ్లి సీసాలకు అంటించడానికి కూర్చున్నాను. ఆ ఏడు ఆయన పంపిన కొత్త కస్టమర్లు ఇంకెవరూ పంపనంత మంది.

రివ్యూకూ అదే పద్ధతి. "రేకులు విరిగిపోయి వచ్చాయి" అని రాస్తే, అందరూ చదివే ఆ చోటే, మీ పేరుతో జవాబివ్వండి. ఏం జరిగిందో, ఏం చేస్తున్నారో రెండు లైన్లలో రాసి, వేరే డబ్బా పంపండి. తర్వాత ప్యాకింగ్ సంగతి చూడండి, పూతరేకు విరిగితే చాలావరకు డబ్బాలో ఖాళీ ఉండటం వల్లే. తర్వాత చదివేవాళ్లు స్టార్లకన్నా మీ జవాబునే ఎక్కువ చూస్తారు. చుట్టాలతో ఐదు స్టార్లు పెట్టించడం మాత్రం వద్దు, చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

"నేను ఊళ్లో లేకపోతే వ్యాపారం ఆగిపోతోంది"

పేరు మీ మీద నిలబడ్డాక వచ్చే ఇబ్బంది. ఫోన్ మీరే ఎత్తాలి, మీరే మాట్లాడాలి. వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్, రెడీ జవాబులు, మీరు లేని వేళ వెళ్లే మెసేజ్ అన్నీ ఉచితంగా ఉన్నాయి, పెట్టుకోండి. ఇంట్లో ఒకరిని వీడియోల్లో మీ పక్కన అప్పుడప్పుడు వినిపించనివ్వండి. "మా చిన్నకోడలండీ, నేను లేనప్పుడు తనే మాట్లాడుద్ది" అని ఒకసారి చెబితే, ఆ గొంతునూ జనం మీ గొంతులాగే నమ్ముతారు.

"మ్యాప్ చూసి వచ్చినవాళ్లు దారి తప్పుతున్నారు"

2015 గోదావరి పుష్కరాలప్పుడు ఇక్కడ ఎంత జనం వచ్చారో చూశాం. మళ్లీ 2027లో వస్తున్నాయి. ఈసారి వచ్చేవాళ్లు దారి ఫోన్‌ని అడుగుతారు. గూగుల్ మ్యాప్‌లో మీ షాపును చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితమే, కానీ తెరిచి వదిలేస్తే చాలదు. మీ సొంత ఫోన్ కాకుండా ఇంకొకరి ఫోన్‌లో మీ షాపు పేరు వెతికి, హైవే నుంచి దారి పెట్టి, అది చెప్పినట్టే బండి మీద రండి. మన డెల్టాలో తరచూ జరిగేది ఏంటంటే, మ్యాప్‌లో మీ షాపు గుర్తు, అంటే పిన్, కాలవకు అవతలి గట్టు మీద పడుతుంది. వచ్చినవాళ్లు ఎదురుగా మీ బోర్డు చూస్తూనే, దాటడానికి వంతెన లేక వెనక్కి తిరుగుతారు. పిన్ లాగి మీ గుమ్మం మీద పెట్టండి, గట్టు మీద నుంచి కనిపించేలా బోర్డు ఫొటో జతచేయండి, ఏ వంతెన దగ్గర తిరగాలో వివరణలో రాయండి.