సగంలో ఆగిన సైన్స్ ఫిక్షన్ సిరీస్: ఎక్కడ తెగిందో చూసి అతుకు వేసుకోవడం

మహబూబ్‌నగర్‌లో మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్‌లో ఒక ఎపిసోడ్ నడుస్తుంది. అమ్మకు ఇంగ్లీషు రాదు. నేను మధ్యమధ్యలో ఆపి తెలుగులో చెబుతుంటే వింటుంది. అలా చూసినవాటిలో చాలా సిరీస్‌లు కథ పూర్తికాకుండానే ఆగిపోయాయి. "తర్వాత ఏమైంది బిడ్డా?" అని ఆమె అడిగిన ప్రతిసారీ జవాబు వెతుక్కుంటూ పోయాను. అన్నీ ఒకేలా ఆగలేదని అప్పుడే తెలిసింది. కొన్నిటికి మిగతా కథ మరోచోట ఉంది, కొన్నిటికి ఎక్కడా లేదు. ఏది ఏ రకమో తేల్చుకోవడానికి ఇది రాస్తున్నాను. కొన్ని ముగింపులు బయటపెట్టక తప్పదు, గమనించగలరు.

లక్షణం: మొదటి ఎపిసోడే మధ్యలోంచి అందుకున్నట్టుంది

కారణం: ప్రసారం చేసిన వరుస తప్పు. ‘ఫైర్‌ఫ్లై’ సంగతి ఇదే. 2002లో ఫాక్స్ ఛానల్ కోసం 14 ఎపిసోడ్లు తీశారు, రద్దయ్యేసరికి ప్రసారమైనవి 11. కథ నడిచే అంతరిక్ష ఓడ ఎవరిది, అందులోకి ఎవరెవరు ఎందుకు ఎక్కారు అని చెప్పే తొలి ఎపిసోడ్‌ను డిసెంబరులో, అన్నిటికన్నా చివర వేశారు. మనుషులను పరిచయం చేయకుండా వాళ్ల కష్టసుఖాలు చూపిస్తే ప్రేక్షకుడు ఎలా నిలుస్తాడు? ఇన్నేళ్లయినా దీని మీద నాకు కోపం తగ్గలేదు.

పరిష్కారం: డిస్కుల మీద తీసిన వరుసలోనే ఉంటాయి, అలాగే 14 చూడండి. ఆ తర్వాత 2005లో వచ్చిన సినిమా చూస్తే కథలోని పెద్ద చిక్కుముడి విడిపోతుంది. ఒక జాగ్రత్త: తొలి ఎపిసోడ్ పేరు, సినిమా పేరు రెండూ ‘సెరెనిటీ’యే. సంవత్సరం చూసుకోకుండా సినిమాతో మొదలుపెడితే సిరీస్ రుచి పోతుంది.

లక్షణం: చివర ‘సశేషం’ అని పడింది, తర్వాతి సీజన్ కనిపించదు

కారణం: సీజన్ రద్దయింది గానీ ముగింపు వేరే పేరుతో వచ్చింది. ‘ఫార్‌స్కేప్’ 88 ఎపిసోడ్ల తర్వాత 2003 మార్చిలో ఆగింది. పడవలో కూర్చున్న నాయకుడూ నాయికా స్ఫటికాలుగా పగిలి రాలిపోతారు. అంతే, ‘సశేషం’. అమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు.

పరిష్కారం: ‘ఫార్‌స్కేప్: ది పీస్‌కీపర్ వార్స్’ అని వెతకండి. 2004లో రెండు భాగాలుగా వచ్చింది. ఐదో సీజన్ అని వెతికితే దొరకదు. ‘సెన్స్8’ను కూడా 2017లో రద్దు చేశారు. అభిమానులు పట్టుబట్టడంతో 2018లో రెండున్నర గంటల ముగింపు ఎపిసోడ్ తీశారు. దానికి ముందే ఆపేస్తే నష్టం మీదే.

లక్షణం: కథ ముగిసినట్టే ఉంది, ఒక పోగు మాత్రం వేలాడుతోంది

కారణం: మూలం నవల, సిరీస్ అందులో కొంత దూరమే వెళ్లింది. ‘ది ఎక్స్‌పాన్స్’ను మూడు సీజన్ల తర్వాత 2018లో సైఫై ఛానల్ వదిలేస్తే అమెజాన్ అందుకుంది, 2022 జనవరిలో ఆరో సీజన్‌తో ముగిసింది. ఆ సీజన్లో లకోనియా గ్రహం మీది పిల్లల కథ అర్ధాంతరంగా మిగిలిపోతుంది.

పరిష్కారం: నవలలు తొమ్మిది ఉన్నాయి. సిరీస్ దాదాపు ఆరో నవల వరకు వస్తుంది, కాబట్టి ఏడోది ‘పెర్సెపోలిస్ రైజింగ్’ అందుకోండి. కథ దాదాపు ముప్పై ఏళ్లు ముందుకు దూకుతుంది, మొదట కంగారుపడవద్దు. నేను రోజుకో అధ్యాయం చదివి అమ్మకు చెప్పాను.

లక్షణం: ప్రేక్షకులు అడిగి మరీ తెప్పించుకున్నారట, అయినా ఆగింది

‘జెరికో’ అణుబాంబుల తర్వాత ఒక చిన్న ఊరు ఎలా బతికిందో చెబుతుంది. 2007లో రద్దు చేశారు. చివరి ఎపిసోడ్లో శత్రువు లొంగిపొమ్మంటే నాయకుడు కుదరదన్నట్టు చెప్పే ‘నట్స్’ అనే ఒకే ఒక్క మాటకు పల్లీలు, గింజలు అని కూడా అర్థం వస్తుంది. అభిమానులు ఆ మాటనే పట్టుకుని సీబీఎస్ ఛానల్ కార్యాలయానికి దాదాపు 20 టన్నుల పల్లీలు పంపారు. వనపర్తి యార్డులో పల్లీల రాశులు చూసి పెరిగిన అమ్మకు ఈ సంగతి సిరీస్ కన్నా ఎక్కువ నచ్చింది. "అన్ని పల్లీలు పంపితే పూర్తిగా చెప్పారా మరి?" అని అడిగింది. 2008లో ఏడు ఎపిసోడ్లు ఇచ్చి మళ్లీ ఆపేశారు. ఆ ఏడూ చూడండి, ఊరి కథ ఒక ఒడ్డుకు చేరుతుంది.

లక్షణం: నిన్నటిదాకా ఉన్న సిరీస్ ఇవాళ యాప్‌లో లేదు

‘వెస్ట్‌వరల్డ్’ నాలుగు సీజన్ల తర్వాత 2022 నవంబరులో రద్దయింది, మరుసటి నెలలోనే హెచ్‌బీఓ మాక్స్ నుంచి దాన్ని తీసేస్తున్నట్టు ప్రకటించారు. ఇష్టమైనదాన్ని డిస్కుల రూపంలో కొనిపెట్టుకోవడమే మందు.

మొదలుపెట్టే ముందే చూసుకోగలిగితే మరీ మంచిది. సిరీస్ వివరాల్లో ‘ముగిసింది’ అని ఉందా, ‘రద్దయింది’ అని ఉందా అన్నది చదవండి. ‘1899’ అనే సిరీస్ మూడు సీజన్ల కథ అని తలపెట్టినది. 2022 నవంబరులో ఎనిమిది ఎపిసోడ్లు వచ్చాయి, జనవరి మొదట్లోనే రద్దు వార్త వచ్చింది.

లక్షణం: ఎంత వెతికినా మిగతా కథ తెర మీద లేదు

‘స్టార్‌గేట్ యూనివర్స్’ నన్ను ఎక్కువగా బాధపెట్టింది. 40 ఎపిసోడ్లు. లక్షల ఏళ్ల కిందట బయల్దేరిన అంతరిక్ష ఓడలో చిక్కుకున్న మనుషులు. చివర్లో శత్రువులను తప్పించుకోవాలంటే ఒక గెలాక్సీ నుంచి మరో గెలాక్సీకి మూడేళ్ల ప్రయాణం, అందరూ పెట్టెల్లో నిద్రపోవాలి. ఒక పెట్టె పాడైంది. లెక్కల్లో దిట్ట అయిన ఈలై దాన్ని బాగుచేస్తానని మెలకువగా ఉండిపోతాడు. గాలి రెండు వారాలకే సరిపోతుంది. ఒంటరిగా అద్దాల దగ్గర నిలబడి నక్షత్రాలను చూస్తూ చిన్నగా నవ్వుతాడు. 2011 మేలో అక్కడే ఆగింది.

"మా చిన్నప్పుడు బాగోతం మధ్యలో వాన వస్తే, మరునాడు ఎక్కడ ఆపారో అక్కడే ఎత్తుకునేవాళ్లు. వీళ్లకు ఏమొచ్చింది?" అంది అమ్మ.

వచ్చిన కష్టం డబ్బుదే. ఓడల సెట్లు, గ్రాఫిక్సు ఖర్చెక్కువ. రెండో సీజన్‌కు ప్రసారమయ్యే రోజు మార్చారు, చూసేవాళ్లు తగ్గారు. 2010 చివర్లో నిర్మాణ సంస్థ ఎంజీఎం దివాలా రక్షణ కోరింది. సినిమాగా ముగించాలనుకున్నా కుదరలేదు.

దీనికి నాకు తెలిసిన పరిష్కారం ఒకటే. చివరి ఎపిసోడ్‌ను హడావుడిగా కాకుండా, తీరిక ఉన్న రాత్రి చూడండి. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి. అయ్యాక వెంటనే మరొకటి పెట్టవద్దు, మాట్లాడుకోండి. మేము ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. పెట్టెలో ఏం పాడై ఉంటుందో నేను చెప్పాను. వాడికి తిండి ఎంత మిగిలి ఉంటుందో అమ్మ లెక్క వేసింది.

మరునాడు పొద్దున చాటలో పల్లీలు ఏరుతూ, తల ఎత్తకుండానే అడిగింది: "ఆ పిల్లగాడి పెట్టె బాగైందంటావా?"

బాగైందన్నాను.