వేలం డబ్బు పడే రోజుల్లో వచ్చే రాంగ్ నంబర్

టంగుటూరు, కొండపి, పొదిలి కేంద్రాల్లో పొగాకు వేలం సాగుతున్నన్నాళ్లూ మా వైపు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవాడికి ఊళ్లో సంగతులన్నీ తెలిసిపోతాయి. ఎవరి బేళ్లకు మంచి రేటొచ్చింది, ఎవరు కౌలు కట్టాలి, ఎవరింట్లో పెళ్లి. రిటైరయ్యేదాకా నేను ఆ కౌంటర్లోనే ఉన్నాను.

ఒక మధ్యాహ్నం ఓ పెద్దాయన ఇంకో ఖాతాకు పెద్ద మొత్తం పంపే ఆర్టీజీఎస్ ఫారం ఇచ్చాడు, 2 లక్షల 40 వేలకు. పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. "ఎవరికి పెద్దాయనా?" అంటే "మనోళ్లకే సార్" అన్నాడు. పేరేందని అడిగా. కళ్లజోడు పెట్టుకుని, ఫోను తీసి, వాట్సాప్‌లో వెతకడం మొదలుపెట్టాడు. మనోళ్ల పేరు మనం వెతుక్కుంటామా? వాట్సాప్‌లో పరిచయమైన ఒకామెకట, లండన్‌లో నర్సట. ఖాతా చూస్తే ఎక్కడో వేరే రాష్ట్రంలో ఒక మగమనిషిది. ఈయన భార్య పోయి మూడేళ్లయింది. రాత్రిపూట "తిన్నారా?" అని అడిగేది ఆ ఫోనొక్కటే. ఫారం వెనక్కి తీసుకున్నాడు గానీ, అప్పటికే ఫోన్‌పేలో కొంత పోయింది.

అందుకే చెబుతున్నా, ఫోన్లో ప్రేమ నటించి డబ్బు లాగే ముఠాలివి; వాళ్ల ప్రేమ నిజమో అబద్ధమో తేల్చుకునే పని పెట్టుకోకండి. ఆ మాటలు రాసేవాళ్లకు అదే ఉద్యోగం, బాగానే రాస్తారు. మీరు చూడాల్సింది ఒక్కటి: ప్రేమ ఒకరి పేరు మీద, ఖాతా ఇంకొకరి పేరు మీద ఉందా? ఉంటే అక్కడితో ఆపేయండి. "మా మేనేజర్ ఖాతా", "ఏజెంటు ఖాతా" అనే సర్దుబాట్లు వినొద్దు.

మొదలు రకరకాలుగా ఉంటుంది. "సారీ, రాంగ్ నంబర్" అని ఒక మెసేజ్. ఫేస్‌బుక్‌లో రిక్వెస్టు. పెళ్లి సంబంధాల సైట్లో అమెరికా డాక్టరు. వారం తిరక్కుండా ఆ సైటు వదిలి వాట్సాప్‌కో టెలిగ్రామ్‌కో రమ్మంటారు. వీడియో కాల్ అంటే కెమెరా పాడైందంటారు. ఈ మధ్య ముఖం మార్చి చూపించే సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చాయి కాబట్టి వీడియోలో కనిపించినంత మాత్రాన నమ్మేయలేం. ప్రొఫైల్ ఫొటోను గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి. అదే ముఖం ఇంకెవరి పేరుతోనో దొరికితే చాలు.

నెలా రెండు నెలలకు అసలు పని బయటపడుతుంది. ఒకటి పార్శిల్: "నీకు బంగారం, పౌండ్లు పంపా, ఢిల్లీ ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు." వెంటనే కస్టమ్స్ ఆఫీసరమ్మనంటూ సుంకం కట్టమని ఫోను. కస్టమ్స్ సుంకం ఎవరో వ్యక్తి ఖాతాకు యూపీఐ కొట్టించుకుని వసూలు చేసేది కాదు. రెండోది పెట్టుబడి యాప్. మొదట ఐదు వేలు వెనక్కి తీసుకోనిస్తారు, అదే ఎర. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల పట్టుబడి డబ్బు చేతిలో ఉన్న కుర్రాళ్లూ దీనికి దొరికిపోగలరు. మూడోది బట్టల్లేని వీడియో కాల్ రికార్డు చేసి బెదిరించడం. డబ్బు కడితే ఆగుతారనుకోవద్దు, రేటు పెంచుతారు. ఆ ఫొటోలు వ్యాపించకుండా ఆపడానికి స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సైటు ఉంది. అందులో మీ ఫొటో మీ ఫోను దాటి పోదు, దాన్నుంచి తీసిన వేలిముద్ర లాంటి డిజిటల్ గుర్తు మాత్రమే వెళుతుంది.

ఇంకొకటి. "నీ ఖాతాలో డబ్బు వేస్తా, ఫలానా వాళ్లకు పంపు" అంటే అస్సలు ఒప్పుకోవద్దు. రేపు పోలీసులు వచ్చేది మీ ఇంటికే.

డబ్బు పోయిందా? ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సోమవారం ఒంగోలు ఎస్పీ ఆఫీసు గ్రీవెన్స్‌కు వెళ్దాంలే అని ఆగకండి. డబ్బు గంటల్లో ఖాతా నుంచి ఖాతాకు దూకుతుంది, ఎక్కడో చోట ఆగి ఉంటేనే దాన్ని కదలకుండా హోల్డ్ చేయించగలరు. యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబరు దగ్గర పెట్టుకోండి. బ్యాంకుకు కూడా చెప్పండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. కోపంతోనో సిగ్గుతోనో చాట్ చెరిపేయొద్దు. స్క్రీన్‌షాట్లు, నంబర్లు, ప్రొఫైల్ లింకు తీసుకున్నాకే బ్లాక్ చేయండి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. "ఈ వయసులో నీకిదేం బుద్ధి" అన్నారంటే ఆ మనిషి మిగతాది దాచేస్తాడు. ఇంకా ఎంత పంపాడో మీకు తెలియదు, తిట్టడం తర్వాత చూసుకోవచ్చు.

ఆ పెద్దాయన కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు. పోయిన డబ్బు ఇప్పిస్తామని ఎవరో ఫోన్ చేశారట, ఫీజు ఐదు వేలు కట్టమన్నారట. ఇదీ ఆ ముఠాల పనే, ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు చేతులు మారుతుంటాయి. ఈసారి ఫారం నింపలేదు. ఫోను నా చేతికిచ్చి, "ఖాతా ఎవరి పేరు మీదుందో నువ్వే చదువు సార్" అన్నాడు.