చప్పుడూ ఏకాగ్రతా – మూడవ పాఠం: ముందు గది, తర్వాత హెడ్‌ఫోన్

గత పాఠంలో చెప్పినట్టు, చదువుకో పనికో కూర్చున్నప్పుడు మీ దృష్టిని లాగిన చప్పుళ్లన్నిటినీ వేళతో సహా రాసుకున్న కాగితాన్ని ముందు పెట్టుకుని ఈ పాఠం చదవండి. రాయనివారు ఇక్కడే ఆగి, రెండు పూటలు రాసుకుని రావడం మంచిది. ఏడీహెచ్‌డీ (దృష్టి నిలపడం, నిలకడగా ఉండడం కష్టమయ్యే స్థితి) ఉన్నవారికి ఇల్లంతా ఒకటే గోలగా అనిపించడం సహజమే కాని, అలా అనుకున్నంతకాలం ఏ చప్పుడును ఎలా సరిచేయాలో తేలదు.

కాగితం మీది చప్పుళ్లను ఎంత పెద్దవన్న లెక్కన కాక, ఎలాంటివన్న లెక్కన విడదీయండి. మే నెలలో కడపలో కూలర్ వేస్తే గదంతా దాని మోతే ఉంటుంది. అయినా అందులో మార్పేమీ ఉండదు కనుక కాసేపటికి మనసు దాన్ని వదిలేస్తుంది. అదే పక్కగదిలో ఎవరైనా ఫోనులో మెల్లగా మాట్లాడుతుంటే, ఆ గొంతు కూలర్ మోత కన్నా ఎంతో చిన్నదైనా, చదువుతున్న వాక్యం చేజారిపోతుంది. చదివేటప్పుడు మాటలను లోలోపల పలుకుతూ కాసేపు మనసులో నిలుపుకుంటాం; చెవిన పడే మాటలు సరిగ్గా అక్కడికే వచ్చి అడ్డుపడతాయి. తెలిసిన భాషలో పాటలు పెట్టుకుని పాఠం చదవడం కుదరకపోవడానికీ ఇదే కారణం. కనుక మాటలున్న చప్పుడు పక్కన ఒక గుర్తు, కుక్కర్ విజిల్, గేటు చప్పుడు వంటి ఉన్నట్టుండి వచ్చేవాటికి మరొక గుర్తు, ఫ్యాను, కూలర్ వంటి నిలకడైనవాటికి వేరొక గుర్తు పెట్టండి. ఎర్రగడ్డల (ఉల్లిపాయల) ఆటో ఉన్నట్టుండి వచ్చి, మైకులో అదే మాట తిప్పి తిప్పి చెబుతూ పోతుంది కనుక దానికి మొదటి రెండు గుర్తులూ పడతాయి. చాలామంది కాగితాల్లో నిలకడైనవి తక్కువగా, మాటలు ఎక్కువగా కనిపిస్తాయి. మనం సాధించవలసింది పూర్తి నిశ్శబ్దం కాదని, మాటలు అర్థం కాకుండా చేసుకోవడమూ, ఉలికిపాట్లను తగ్గించుకోవడమూ మాత్రమేనని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇప్పుడు గది సంగతి. మన వైపు ఇళ్లలో నేల నాపరాయి, అలమార అరలు కూడా నాపరాయే, గోడలు నున్నటి సిమెంటు. వేసవిలో చల్లగా ఉండే ఈ గట్టి తలాలు శబ్దాన్ని పీల్చుకోవు, తిరిగి కొడతాయి. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. చప్పుడు వెంటనే తెగిపోకుండా కంగుమని సాగితే, వంటింట్లో పడ్డ గరిటె చప్పుడు కూడా మీ దగ్గర అలాగే సాగుతుందన్నమాట. మీరు కూర్చునే చోటికి ఎదురుగా ఉన్న గోడకు ఒక మందపాటి బొంత వేలాడదీసి, బల్ల కింద జంపఖానా పరిచి, మళ్లీ చప్పట్లు కొట్టండి. తేడా చెవికే తెలుస్తుంది.

ఇక్కడ ఒక విషయాన్ని స్పష్టంగా పట్టుకోవాలి. బొంత గదిలోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుందే తప్ప, బయటి నుంచి వచ్చేదాన్ని ఆపదు. గుడ్ల అట్టలు గోడకు అంటిస్తే వీధి గోల ఆగుతుందనే మాట చాలామంది నమ్ముతారు. అవి తేలికైనవి కనుక ఆపలేవు. బయటి శబ్దాన్ని ముఖ్యంగా ఆపేవి రెండు: బరువు, సందు లేకపోవడం. గోడకు బరువు ఎలాగూ ఉంది. సందు తలుపు కింద ఉంటుంది. గాలి దూరే చోటల్లా మాట కూడా దూరుతుంది కనుక, పాత చీరను గట్టిగా చుట్టి ఆ సందుకు అడ్డంగా పెడితే, హాల్లో టీవీ మాటలు పూర్తిగా పోకపోయినా వాటి స్పష్టత తగ్గుతుంది. నాకు తెలిసినంతలో ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు.

ఇంట్లోవాళ్లను అడగవలసి వచ్చినప్పుడు "ఎప్పుడూ ఇదే గోల" అనకుండా, ఒక వేళ చెప్పి అడగండి. "అవ్వా, ఎనిమిదింటి దాకా టీవీ సౌండు కొంచెం తగ్గించు, ఎనిమిదికి నేనే వచ్చి పెంచుతా" అంటే ఏ అవ్వా కాదనదు. ఎనిమిదికి మీరు నిజంగా వెళ్లి పెంచడం మాత్రం మరవకండి.

ఇంత చేసినా మిగిలిన మాటలను కప్పడానికే నిలకడైన శబ్దం కావాలి. కీచు నుంచి గంభీరం దాకా అన్ని స్థాయిల ధ్వనులూ సమానంగా కలిసిన సొదను వైట్ నాయిస్ అంటారు. అందులో కీచుదనం తగ్గిస్తే పింక్ నాయిస్, ఇంకా తగ్గించి గంభీరం చేస్తే బ్రౌన్ నాయిస్. 2024లో అమెరికాలో జోయెల్ నిగ్ అనే పరిశోధకుడి బృందం 13 అధ్యయనాలను, అందులో ఏడీహెచ్‌డీ లేదా ఆ లక్షణాలు ఎక్కువగా ఉన్న 335 మంది ఫలితాలను కలిపి పరిశీలించింది. ఏడీహెచ్‌డీ లక్షణాలు ఎక్కువగా ఉన్న పిల్లలకూ యువతకూ వైట్, పింక్ నాయిస్ వల్ల దృష్టి పనుల్లో చిన్నపాటి మేలు జరిగిందని, ఆ లక్షణాలు లేనివారికి అదే శబ్దం కొద్దిగా చెరుపు చేసిందని అందులో తేలింది. సోషల్ మీడియాలో అందరూ పొగిడే బ్రౌన్ నాయిస్ మీద వారికి ఒక్క అధ్యయనమూ దొరకలేదు. అది మీకు హాయిగా ఉంటే వాడుకోవచ్చు, కాని రుజువైన మందులా దాన్ని నమ్మవద్దు. డాక్టరు రాసిన చికిత్సకు ఇవేవీ బదులు కావు. ఇంకొక మాట: మీ చెల్లెలు అదే గదిలో చదువుకుంటుంటే స్పీకరులో పెట్టకండి. మీకు మేలు చేసేది ఆమెకు అడ్డు కావచ్చు.

శబ్దాన్ని ఎంత పెట్టాలన్న ప్రశ్నకు జవాబు చెవి దగ్గరే ఉంది. సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, పక్కగది గొంతు వినబడుతున్నా మాటలు అర్థం కాని చోట ఆపేయండి. చేయి చాపినంత దూరంలో ఉన్నవారు మామూలుగా పిలిస్తే వినబడాలి. పెద్దవాళ్లకు వారానికి 80 డెసిబెల్స్ చొప్పున 40 గంటలు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు. మన అవసరానికి అంతకు చాలా తక్కువే చాలు. శబ్దం ఫైలును ఫోనులోకి ముందే దింపుకుని నెట్ ఆపేయండి, ఎందుకంటే మధ్యలో వచ్చే ఒక్క ప్రకటన కట్టిన పట్టునంతా విప్పేస్తుంది. కరెంటు పోయి కూలర్ ఆగిన క్షణాన వీధంతా ఒక్కసారిగా గదిలోకి వచ్చినట్టు ఉంటుంది కనుక, అప్పుడూ ఈ ఫైలు ఆదుకుంటుంది. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు ఫ్యాను, ఇంజను వంటి గంభీరమైన నిలకడ మోతలను బాగా తీసేస్తాయి, మాటలను అంత బాగా తీయలేవు. వేల రూపాయలు పెట్టే ముందు మీ కాగితంలో ఏ గుర్తు ఎక్కువుందో చూసుకోండి. మెత్తటి ఇయర్‌ప్లగ్గులు కొంటే వాటిని సన్నగా నలిపి, మరో చేత్తో చెవిని పైకి లాగి పట్టుకుని లోపల పెట్టి, అవి ఉబ్బేదాకా అర నిమిషం అదిమి ఉంచాలి. పైపైన పెడితే అవి పనిచేయవు.

ఈ వారం అభ్యాసం: ఒకే వేళకు, ఒకే రకమైన పనితో కూర్చుని, ఒక రోజు గది మాత్రమే సరిచేసి, మరుసటి రోజు దానికి తోడు శబ్దం కూడా పెట్టుకుని, ఇలా మార్చి మార్చి చేయండి. ఎలా అనిపించిందో రాయనక్కర లేదు; ఎన్ని పేజీలు అయ్యాయో, ఎన్నిసార్లు లేచారో రాయండి. శబ్దం పెట్టిన రోజుల్లో పేజీలు పెరగకపోతే అది మీకు నప్పదు, మానేయండి. ఆ లెక్కతో నాలుగవ పాఠానికి రండి. బస్సులో, ఆఫీసులో, కోచింగ్ హాల్లో, అంటే తలుపు సందు మన చేతిలో లేని చోట్ల ఏం చేయాలో అందులో చూద్దాం.